ఎనిమిది గజాల గుడ్డ, ఇరవై ఏడు కుచ్చిళ్ళు

నడుము ఎంత అని అడిగితే ముప్పై రెండు అన్నాను. ప్యాంటు కొన్నప్పుడల్లా చీటీ మీద చూసుకునే అంకె అదే. ఆవిడ ఏమీ అనకుండా టేపు తీసుకుని నా బొడ్డుకు రెండు వేళ్ళ పైన చుట్టింది. ముప్పై మూడు వచ్చింది. "ఊపిరి బిగబట్టింది చాలు, వదలండి" అంది. వదిలాను. ముప్పై నాలుగయింది. ఆ అంకెనే పుస్తకంలో రాసుకుంటూ, "మీ ప్యాంటు నడుము మీద లేదు, నడుము కింద వేలాడుతోంది. కిల్ట్ అక్కడ కట్టుకుంటే మధ్యాహ్నానికల్లా మోకాళ్ళు దాటి జారుతుంది" అంది. తర్వాత తుంటి దగ్గర బాగా వెడల్పున్న చోట కొలిచింది. నలభై. పొడవు కోసం నేల మీద మోకాళ్ళేసి కూర్చోమంది. అలా కూర్చున్నప్పుడు కిల్ట్ అంచు నేలకు తగలకుండా ఒక అంగుళం పైన ఉండాలట, అప్పుడు నిలబడితే సరిగ్గా మోకాలిచిప్ప మధ్యకు వస్తుంది. నడుము పట్టీకి పైన ఉండే రెండంగుళాలూ కలిపి ఇరవై నాలుగు. నడుము, తుంటి, పొడవు. మూడు అంకెలతో కొలతలు అయిపోయాయి. చొక్కాకు కూడా ఇంతకంటే ఎక్కువే తీసుకుంటారే అనుకున్నాను. ఆ మూడు అంకెల వెనక ఎంత లెక్క ఉందో నాకు తర్వాతి వారం తెలిసింది.

ఎడిన్‌బరోలో లీత్ రేవు వైపు ఒక పాత మేడ మీది గది అది. ఒక బల్ల, ఒక దీపం, బరువైన ఇస్త్రీ పెట్టె, గోడకు దారపు ఉండలు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఇక్కడ స్కాట్లండ్ మగవాళ్ళు నడుముకు చుట్టుకునే గళ్ళ కిల్ట్‌లే కుడుతోంది, ఇంకేమీ కుట్టదు. నేను అక్కడికి చేరడానికి కారణం ఒక అద్దె కిల్ట్. ఆఫీసు స్నేహితుడి పెళ్ళికి మగవాళ్ళందరూ కిల్ట్‌లో రావాలన్నారు. ఒక దుకాణంలో అద్దెకు తెచ్చుకున్నాను. సాయంత్రం నాట్యానికి లేచేసరికి వెనక కుచ్చిళ్ళు గాలికి విచ్చుకున్న గొడుగులా ఎటుపడితే అటు పోయాయి. పక్కనే పెళ్ళికొడుకు మేనమామ, డెబ్భై దాటినాయన, తన తండ్రి కిల్ట్ కట్టుకుని గిర్రున తిరుగుతున్నాడు. ఆయన ఆగగానే కుచ్చిళ్ళన్నీ పిలిచినట్టు వెనక్కి వచ్చి వరసలో నిలబడ్డాయి. నా చిన్నతనంలో వేసవి సెలవులు తెనాలిలో మా పెదనాన్న దర్జీ దుకాణంలో గడిచాయి. సూదికి దారం ఎక్కించి ఇవ్వడం నా పని. అందుకేనేమో, నాట్యం కంటే ఆ కుచ్చిళ్ళ మీదకే నా కళ్ళు పోయాయి.

నాకొకటి కుట్టిపెట్టమని అడుగుతూ, కుడుతున్నప్పుడు చూడనిస్తారా అని కూడా అడిగాను. "చూస్తూ కూర్చునేవాళ్ళు నాకు అడ్డం. పని చేస్తానంటే శనివారాలు రండి" అంది ఆవిడ. అలా నా కిల్ట్‌కు నేనే కూలీనయ్యాను.

మొదట గుడ్డ సంగతి చెప్పాలి. నేను బ్లాక్ వాచ్ అనే గళ్ళను ఎంచుకున్నాను. నీలం, ఆకుపచ్చ, నలుపు. 1739లో రెజిమెంటుగా ఏర్పడ్డ స్కాట్లండ్ కొండసీమ హైలాండ్ సైనికుల గళ్ళు అవి. వంశం పేరు లేని నాబోటివాడు కట్టుకున్నా ఎవరూ వింతగా చూడరు. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ గుడ్డ అనే పట్టింపు నిజానికి అంత పురాతనం ఏమీ కాదు, చాలావరకు పంతొమ్మిదో శతాబ్దపు ముచ్చట. ఇప్పుడైతే 2008 నాటి చట్టం ప్రకారం నడిచే ప్రభుత్వ రిజిస్టరు ఒకటి ఉంది, కొత్త గళ్ళు కూర్చుకున్నవాళ్ళు ఎవరైనా అందులో నమోదు చేయించుకోవచ్చు.

సెల్కర్క్ లాంటి దక్షిణపు ఊళ్ళ మిల్లుల్లో నేసే ఈ ఉన్ని గుడ్డను చేత్తో పట్టుకుంటే ముందు బరువు తెలుస్తుంది. గజానికి పదహారు ఔన్సులు. నాకు తెప్పించింది నాలుగు గజాలు, రెట్టింపు పన్నాలో. అంటే నాలుగు పౌన్లు, మన లెక్కలో కిలో ఎనిమిది వందల గ్రాములు. నేత మామూలు సాదా నేత కాదు. పేక పోగు రెండు పడుగు పోగుల మీదుగా, రెండింటి కిందుగా పోతుంది, ప్రతి వరసలోనూ ఒక పోగు పక్కకు జరుగుతుంది. అందుకే దగ్గరగా చూస్తే గుడ్డంతా ఏటవాలు గీతలు. పడుగులో ఏ రంగులు ఏ వరసలో ఉన్నాయో పేకలోనూ అవే రంగులు, అదే వరస. నీలం మీద నీలం పడ్డ చోట నిండు నీలం, నీలం మీద ఆకుపచ్చ పడ్డ చోట రెండూ కాని మూడో ఛాయ. మూడు రంగుల దారంతో కంటికి ఆరు రంగులు. మన గళ్ళ లుంగీ కట్టుకున్నవాడికి ఇది కొత్త కాదు గానీ, ఏటవాలు నేతలో ఆ కలగలుపు ఇంకా మెత్తగా ఉంటుంది.

ఇంకో పోలిక కూడా దొరికింది నాకు. కిల్ట్‌లో గుడ్డ అంచు పాదాల వైపు ఉంటుంది. పడుగు ఒంటి చుట్టూ తిరుగుతుంది. మన చీరలో, పంచెలో ఉన్నట్టే. కింద మడత పెట్టి కుట్టడం అనేది ఉండదు. మగ్గం మీద ఏర్పడ్డ అంచే కిల్ట్ అంచు. కాబట్టి పొడవు తప్పుగా కొలిస్తే తర్వాత కింద విప్పి పొడిగించడానికి ఏమీ ఉండదు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అంతసేపు ఎందుకు చూసిందో అప్పుడు అర్థమైంది.

పోలిక అక్కడితో ఆగదు. అసలు కిల్ట్ మొదట కుట్టిన బట్టే కాదు. పదహారు, పదిహేడు శతాబ్దాల హైలాండర్ దుప్పటంత గుడ్డను నేల మీద పరిచి, కుచ్చిళ్ళు పెట్టి, నడుముకు తోలుపట్టీ బిగించి, మిగిలింది భుజాన వేసుకునేవాడు. రాత్రికి అదే కప్పుకునేవాడు. పద్దెనిమిదో శతాబ్దంలో పై సగం పోయి నడుము కింది సగం మిగిలింది. 1746లో, జాకొబైట్ తిరుగుబాటు ఓడిపోయాక, ఈ వేషాన్నే నిషేధించారు. మొదటిసారి పట్టుబడితే ఆరు నెలల జైలు, రెండోసారికి ఏడేళ్ళు సముద్రాల అవతలికి. సర్కారు సైన్యంలో ఉన్నవాడికి మాత్రం మినహాయింపు. 1782 దాకా ఆ చట్టం నడిచింది. మన రాయలసీమ వాళ్ళు మండ్రోలయ్య అని పిలుచుకున్న థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టింది 1761లో, మద్రాసు చేరింది 1780లో. అంటే ఆయన సొంత దేశంలో పెరిగిన కాలమంతా మామూలు పౌరుడు కిల్ట్ కట్టడం నేరమే. ఆ శతాబ్దం చివరకు గానీ కుచ్చిళ్ళను కుట్టి నిలిపే పద్ధతి రాలేదు. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరో వచ్చి, వాల్టర్ స్కాట్ నడిపించిన ఉత్సవంలో, కిల్ట్ కింద చర్మపు రంగు బిగుతు లాగు తొడుక్కుని ఊరంతా నవ్వించాడు. ఆ తర్వాత కిల్ట్ పెద్దింటి బట్ట అయింది. చరిత్ర ఇక చాలు. శనివారం మొదలైంది.

నాకిచ్చిన మొదటి పని గుడ్డ చించడం. రెట్టింపు పన్నా గుడ్డను నిలువునా రెండు చేయాలి. కత్తెర కోసం చూస్తుంటే, "చేత్తోనే" అంది. చిన్న గాటు పెట్టి రెండు వైపులా లాగితే చీలిక ఒకే పడుగు పోగు వెంట నడుస్తుంది. కత్తెర పట్టిన చెయ్యి పక్కకు పోవచ్చు, పోగు పోదు. నాలుగు గజాల పొడవునా పర్రుమనే ఆ చప్పుడు వింటూ, మిల్లు నుంచి వచ్చిన ఖరీదైన గుడ్డను నా చేతులతో నేనే చించుతున్నానన్న బెంగతోనే చివరిదాకా లాగాను. రెండు ముక్కలు, ఒక్కోటి నాలుగు గజాలు. వాటిని కలిపితే ఎనిమిది గజాలు.

కానీ రెండు ముక్కలకూ మగ్గపు అంచు చెరో పక్క ఉంటుంది కదా. రెండు అంచులూ కిందకు రావాలంటే ఒక ముక్కను తలకిందులు చేసి తిప్పాలి. తిప్పినా గళ్ళు కలవాలంటే గళ్ళ వరస ఎడమ నుంచి చదివినా కుడి నుంచి చదివినా ఒకేలా ఉండాలి. బ్లాక్ వాచ్ అలాంటిదే. అలా లేని గళ్ళూ ఉన్నాయి. వాటికి ఈ ఉపాయం పనిచేయదు, ఒంటి పన్నాలోనే పొడుగ్గా నేయించుకోవాలి. ఆ రెండు ముక్కల అతుకు కూడా బయటికి కనబడదు. ఒక కుచ్చిలి లోపలి మడతలో దాక్కుంటుంది. నా కిల్ట్‌లో అతుకు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి కనుక్కోగలను. తెలియనివాడు కుచ్చిళ్ళన్నీ వేళ్ళతో విప్పి వెతుక్కోవాలి.

తర్వాత ఆవిడ కాగితం తీసుకుంది. ఇక్కడే నేను ఆ మూడు అంకెలకు లొంగిపోయాను. తుంటి నలభై అంగుళాలు. అందులో సగం ముందు పరుపుకి, అంటే కుచ్చిళ్ళు లేని బల్లపరుపు భాగానికి. మిగతా ఇరవై అంగుళాలు వెనక కుచ్చిళ్ళకు. కుచ్చిలి ఒక్కోటి ముప్పావు అంగుళం కనబడేలా పెడితే ఇరవై ఏడు కుచ్చిళ్ళు. నడుము దగ్గర మాత్రం వెనక భాగానికి దక్కేది పదిహేడు అంగుళాలే. అంటే ఆ ఇరవై ఏడు కుచ్చిళ్ళే ఇరవై అంగుళాల నుంచి పదిహేడుకు సన్నబడాలి. ఒక్కో కుచ్చిలి ఎంత సన్నబడాలి? లెక్క వేస్తే మూడు మిల్లీమీటర్లు కూడా రాదు. ఎనిమిది అంగుళాల కుట్టు పొడవునా ఆ మూడు మిల్లీమీటర్లను కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ పోవాలి. ప్రతి కుచ్చిలిలోనూ ఒక్క మిల్లీమీటరు తప్పు చేస్తే ఇరవై ఏడు మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి పైమాట. బకిల్ పెట్టుకోవడానికి లేని కిల్ట్ అవుతుంది.

ఇదంతా ఒంటి కొలత లెక్క. గళ్ళ లెక్క వేరే ఉంది. గళ్ళ వరస ఒకసారి పూర్తయి మళ్ళీ మొదలయ్యే దూరాన్ని అక్కడ సెట్ అంటారు. మా గుడ్డలో అది ఏడంగుళాలు. కుచ్చిళ్ళు పెట్టడానికి రెండు దారులున్నాయి. ఒకటి సైన్యపు పద్ధతి, చార పద్ధతి. ప్రతి కుచ్చిలి మీదా ఒకే చార వచ్చేలా సరిగ్గా ఏడంగుళాలకు ఒక మడత. వెనక నుంచి చూస్తే వరసలో నిలబడ్డ సిపాయిల్లా ఒకే చార ఇరవై ఏడుసార్లు కనబడుతుంది. రెండోది సెట్ పద్ధతి. ఇందులో ప్రతి మడతకూ ఏడు కాదు, ఏడు ముప్పావు అంగుళాలు తీసుకుంటారు. ఏడంగుళాలు మడత లోపలికి పోతాయి. అంటే ఒక పూర్తి సెట్ మాయమవుతుంది. ఆ పై ముప్పావు అంగుళం, అంతకుముందు కుచ్చిలి మీద గళ్ళు ఎక్కడ ఆగాయో సరిగ్గా అక్కడి నుంచి మొదలవుతుంది. ఇలా ఇరవై ఏడు కుచ్చిళ్ళు పెట్టాక దూరం నుంచి చూస్తే కుచ్చిళ్ళే లేనట్టు, గుడ్డను అలా పరిచి ఒంటికి చుట్టినట్టు గళ్ళు చెక్కుచెదరకుండా సాగిపోతాయి. రెండు వందల అంగుళాలకు పైగా గుడ్డ ఇరవై అంగుళాల్లోకి వెళ్ళి, ఏమీ జరగనట్టు ఊరుకుంటుంది. నేను రెండోదే కావాలన్నాను. ఆవిడ ఒక చూపు చూసి, "పని పెంచేది ఎప్పుడూ ఇదే" అంది. కోపంగా అనలేదు.

సుద్దముక్కతో గుర్తులు పెట్టడం నాకు అప్పగించలేదు. పక్కనే నిలబడి గుడ్డ జరుపుతూ పోయాను. ముదురు నీలం పక్కన నలుపు, నలుపు పక్కన ముదురు ఆకుపచ్చ. మామూలు గది వెలుతురులో అవన్నీ ఒకటే చీకటి. ఆవిడ దీపాన్ని గుడ్డ మీదకు వంచి, సుద్దముక్క అంచును బ్లేడుతో చెక్కుకుని, పోగు పోగుకూ చూసుకుంటూ గీసింది. గీత దళసరిగా ఉంటే అదే అర మిల్లీమీటరు తినేస్తుందట.

ఇక కుట్టు. మిషను లేదు. కుచ్చిలి మడత అంచును పక్క కుచ్చిలి మీద ఆనించి, అడ్డగీతలు ఒకదానికొకటి ఎదురెదురుగా వచ్చేలా ఎడమ బొటనవేలితో నొక్కి పట్టుకుంటుంది. ఆ బొటనవేలే అసలు పనిముట్టు అని నాకు అనిపించింది. సూది మడత అంచులో ఒకటి రెండు పోగులను మాత్రమే పట్టి, అడుగు గుడ్డలోకి దిగి, మళ్ళీ మడత లోపలి నుంచి పైకి వస్తుంది. దారం లాగగానే కుట్టు మడత నీడలోకి జారిపోతుంది. అంగుళానికి పది కుట్లు. ఒక గీత దాటగానే ఆగి, వేలు తీసి, పక్క కుచ్చిలి గీతతో కలిసిందా అని చూసుకుని మళ్ళీ మొదలు. కలవకపోతే విప్పడమే. ఆ వయసులో అద్దాలు పెట్టుకుని కూడా, గీత తప్పిందో లేదో కంటికంటే ముందు వేలితోనే ఆమెకు తెలిసిపోతున్నట్టుండేది. ఒక కుచ్చిలికి ఎనిమిది అంగుళాలు, ఎనభై కుట్లు. ఇరవై ఏడు కుచ్చిళ్ళకు రెండు వేల నూట అరవై. ఎనభై కుట్లకు ఆవిడకు పావుగంట పట్టేది. మధ్యలో ఒకసారి టీ కప్పు నోటి దాకా తీసుకెళ్ళి, తాగకుండానే కింద పెట్టి, అంతకుముందు గంట కుట్టిందంతా విప్పేసింది. ఏమైందో నాకు కనబడలేదు. నాలుగో కుచ్చిలి మీద నీలం గీత, మూడో దాని కంటే ఒక పోగు కిందకు ఉందట.

నాకు ఒక కుచ్చిలి ఇచ్చింది. చివరి నుంచి రెండోది, ఇరవై ఆరోది. కట్టుకున్నప్పుడు పక్కకు పడి పెద్దగా కనబడని చోటు. గంటా పదిహేను నిమిషాలు పట్టింది. రెండుసార్లు విప్పించింది. మూడోసారి చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టింది. అదే పెద్ద మెప్పు అనుకున్నాను. తర్వాత ఇస్త్రీ చేసినప్పుడు తెలిసింది, దారం బిగించి లాగేశాను. మిగతా కుచ్చిళ్ళు నున్నగా పడుకుంటే నాది మాత్రం కుట్టు వెంబడి సన్నగా ముడుచుకుంది. ఆవిడ కుట్టు చూసి బిగువు నేర్చుకున్నాను అనుకున్నాను. ఆ బిగువును ఎక్కడ వదలాలో కూడా చూసి ఉండాల్సింది.

కుచ్చిళ్ళన్నీ అయ్యాక వచ్చింది నా గుండె ఆగిన ఘట్టం. కుచ్చిళ్ళు లోపలివైపు ఒకదాని మీద ఒకటి పడి నడుము దగ్గర పరుపంత దళసరిగా ఉన్నాయి. ముందుగా వాటన్నిటినీ అడ్డంగా కలుపుతూ లోపలి నుంచి గట్టి కుట్టు వేసింది. ఇక ముందు కుచ్చిళ్ళ బరువంతా మోసేది ఆ కుట్టే. తర్వాత పెద్ద కత్తెర తీసుకుని, ఆ కుట్టుకు పైన, నడుము దాకా, ప్రతి కుచ్చిలి లోపలి మడతనూ కత్తిరించి పారేసింది. బల్ల మీద నా బ్లాక్ వాచ్ ముక్కలు గుట్టపడ్డాయి. నా మొహం చూసి కాబోలు, "ఇది తీయకపోతే మీరు వెనక దిండు కట్టుకున్నట్టుంటారు" అంది. తీసిన చోట గట్టి కాన్వాస్ వేసి కుట్టింది. మన దర్జీలు కోటు ఛాతీలో వేస్తారే, అలాంటిదే. బయటి గుడ్డ సాగకుండా, పట్టీలు లాగినప్పుడు కుచ్చిళ్ళ మీద భారం పడకుండా అది కాపు కాస్తుంది. దాని మీద నూలు లైనింగ్. అంటే కిల్ట్ బయటికి కనబడే ప్రతి సుకుమారానికీ లోపల ఒక మొరటు మనిషి కాపలా ఉన్నాడు.

ముందు పరుపులు రెండు ఉంటాయి, ఒకటి మీద ఒకటి. పై పరుపు ఎడమ నుంచి వచ్చి కుడి తుంటి దగ్గర ఆగుతుంది. చూడ్డానికి దీర్ఘచతురస్రమే గానీ, నడుము దగ్గర సన్నగా, తుంటి దగ్గర వెడల్పుగా, కిందకు ఇంకాస్త విచ్చుకుని ఉంటుంది. ఆ వంపును కత్తిరింపుతో తేలేదు. అంచును లోపలికి మడిచి, తడిబట్ట వేసి, ఇస్త్రీ పెట్టెతో గుడ్డను ఒకచోట సాగదీస్తూ ఒకచోట కుదిస్తూ తెచ్చింది. ఉన్ని కాబట్టి మాట విన్నది. నూలు గుడ్డ వినేది కాదు.

పై పరుపు కుడి అంచుకు కుచ్చుల పని నాది. అదొక్కటే ఎవరూ విప్పించని పని. సూది మొనతో నిలువు పేక పోగులను ఒక్కొక్కటిగా లాగేస్తుంటే పడుగు పోగులు కుచ్చులుగా మిగిలాయి. చీర కొంగు కుచ్చులు ఇంతే కదా అని చెప్పాను ఆవిడకు. ఫోనులో అమ్మ చీర ఫోటో చూపించాను. ఆవిడ మొహం దగ్గరకు పెట్టుకుని చూసి, "ముడులు వేశారే" అంది. తనకు ముడులు వేయడం నచ్చలేదని అర్థమైంది.

పట్టీలు మూడు, తోలువి. కుడివైపు రెండు, ఎడమవైపు ఒకటి. ఎడమది లోపలి పరుపుకు ఉంటుంది. గుడ్డలో చేసిన చిన్న చీలికలోంచి బయటికి వచ్చి బకిల్‌కు అందుతుంది. ఆ చీలికను కాజాలాగా చుట్టూ కుట్టింది. కింద మూలన పెట్టుకునే పిన్ను సంగతి కూడా చెప్పింది. అది పై పరుపుకు మాత్రమే గుచ్చాలి, రెండింటికీ కలిపి గుచ్చితే కూర్చున్నప్పుడు గుడ్డ చిరుగుతుంది. నా అద్దె కిల్ట్‌కు నేను చేసిన పని సరిగ్గా అదే.

చివరిగా, కింద వదులుగా ఉండే కుచ్చిళ్ళన్నిటినీ తెల్లదారంతో కచ్చా కుట్టు వేసి బిగించడం. ఇది నన్నే చేయమంది. అడ్డంగా నాలుగు వరసలు. తడిబట్ట పరిచి, ఇస్త్రీ పెట్టెను రుద్దకుండా ఎత్తి దించుతూ అద్దింది. తడి ఉన్ని వాసన గదంతా నిండింది. రాత్రంతా బరువు కింద ఉంచి, మర్నాడు తెల్లదారం లాగేస్తే కుచ్చిళ్ళు కత్తి అంచుల్లా నిలబడ్డాయి. ఈ మోస్తరు కుచ్చిలికి అక్కడ కత్తి పేరే పెట్టారు. కట్టుకుని అద్దం ముందు తిరిగాను. కుచ్చిళ్ళు విచ్చుకున్నాయి, లోపల దాక్కున్న ఏడేసి అంగుళాలు ఒక్కసారిగా మెరిశాయి, ఆగగానే మూసుకున్నాయి. ఇరవై ఆరోది కూడా వచ్చి వరసలో నిలబడింది.

కాస్త మనసులో మాట చెబుతాను. ఎడిన్‌బరో కోట దారిలో నడిస్తే అడుగుకో దుకాణంలో కిల్ట్‌లు వేలాడుతుంటాయి, ఒక పూట భోజనం ఖర్చుకు దగ్గరగా ధర. నేను ఇప్పుడు అక్కడ ఆగి వాటిని వెనక్కి తిప్పి చూస్తున్నాను. కుచ్చిలి పైనా కిందా ఒకే వెడల్పు ఉంటుంది, అడ్డగీతలు ఒకదానికొకటి కలవవు, కింద అంచు మడిచి మిషను కుట్టు వేసి ఉంటుంది. వాటిని తప్పుపట్టను, ఒక సాయంత్రపు సరదాకు అవి చాలు. కానీ రెండింటికీ ఒకే పేరు ఉండటం వల్ల నష్టపోయేది మాత్రం లీత్ మేడ మీద కూర్చున్న మనిషే. ముప్పై గంటలకు తగ్గని పనికి ఆవిడ ధర చెప్పగానే, కోట దారిలో ఇంతకు పదోవంతుకే ఇస్తున్నారే అని అడిగేవాళ్ళు వస్తుంటారు. బ్రిటన్‌లో హెరిటేజ్ క్రాఫ్ట్స్ అనే సంస్థ అంతరించిపోయే ప్రమాదమున్న చేతిపనుల జాబితా ఒకటి వేస్తుంది. అందులో కిల్ట్ కుట్టడమూ ఉంది. ఊరి నిండా కిల్ట్‌లున్న చోట! ఆవిడ దగ్గర పని నేర్చుకునే అమ్మాయి ఒకరుండేది, ఏడాదిన్నర ఉండి వెళ్ళిపోయింది. కారణం నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఇంటికి తెచ్చుకున్న రాత్రి పెదనాన్నకు వీడియో కాల్ చేశాను. ఎనభై ఒకటి ఇప్పుడాయనకు, దుకాణం మూసేసి పన్నెండేళ్ళయింది. కట్టుకుని చూపిస్తే పెద్దమ్మ పక్కనుంచి, "ఇదేం వేషంరా, పెళ్ళామేమీ అనలేదా" అని నవ్వింది. ఆయన నవ్వలేదు.

"విప్పి తిరగేసి చూపించు" అన్నాడు. బల్ల మీద పరిచి లోపలివైపు చూపించాను. లైనింగ్ ఎత్తమన్నాడు. ఎత్తాను. కాన్వాస్ దగ్గర ఫోను ఆపమన్నాడు. అడ్డ కుట్టు ఉన్న చోట ఇంకా దగ్గరకు పెట్టమన్నాడు. తర్వాత బయటివైపు తిప్పించి, కుచ్చిళ్ళ మీదుగా మెల్లగా పోనిమ్మన్నాడు. చివరికొచ్చేసరికి, "ఆగు. దీన్ని ఎవరు కుట్టారు?" అన్నాడు. నేనే అని ఒప్పుకున్నాను.

"అనుకున్నా. మిగతావి మిషనా?"

"కాదు పెదనాన్నా, అన్నీ చేత్తోనే."

కాసేపు మాట్లాడలేదు. లైను తెగిందేమో అనుకున్నాను. "ఎంత తీసుకుందిరా ఆవిడ?" అన్నాడు. పౌన్లను రూపాయల్లోకి మార్చి చెప్పాను. పెద్దమ్మ నోరు తెరిచింది. ఆయన ఇరవై ఆరో కుచ్చిలిని పక్కకు తీసి, దాని పక్కదాన్ని మళ్ళీ ఒకసారి చూపించమని, చూసి, "తక్కువే తీసుకుంది" అన్నాడు.